పొగాకు నెలలో మంచు

ఈ పిల్ల గొంతు విప్పదేం, అనుకుంది వెలిక. గొంతు లేక కాదు. ఉంది, లోపలెక్కడో నూతిలో నీళ్ళలాగా ఉంది, తొంగిచూస్తే తళుక్కుమంటోంది, కానీ తోడి గట్టున పొయ్యదు. ఈ కొండల్లో పాటంటే ఎదుటి కొండ మీద గడ్డి కోసేవాళ్ళు కొడవళ్ళు ఆపి తలెత్తాలి. రొమ్ములోంచి లేచి, నొసటి ఎముకకి తగిలి, అక్కణ్ణించి విసిరిన రాయిలా పోవాలి. నలభై ఏళ్ళు ఊరి ఆడవాళ్ళ పాటల జట్టుకి మొదటి గొంతు వెలికదే, ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. ఈ పిల్లేమో, బిల్యానా అట పేరు, రాజధాని సోఫియా నుంచి పొద్దున బస్సు దిగింది, వీపున గిటారు, కాళ్ళకి కూలివాళ్ళ బూట్లు, ఒంటి మీద భుజాలు జారిపోయే మగవాడి కోటు, పక్క దిండు మీద తల పెట్టుకున్న మనిషికి చెప్పుకుంటున్నట్టు పాడుతోంది. పఠనమందిరం హాల్లో కుర్చీలన్నీ నిండాయి. మూల కట్టెల పొయ్యి చిటపటలాడుతోంది. ఆదివారం నాలుగ్గంటల ఎండ కిటికీలోంచి ఏటవాలుగా వచ్చి వేదిక మీద పడింది, ఆ ఎండలో పిల్ల ఊపిరి తీసుకోవడం కూడా వినపడుతోంది. ఊపిరి వినపడనియ్యకూడదని ఎంతమంది ఆడపిల్లల వీపు చరిచి నేర్పిందో వెలిక. ఈమెకి దాచుకోవాలన్న ధ్యాసే లేదు.

"జలుబు చేసిందేమో వదినా," అంది ఎడమపక్క నుంచి సెవ్ద. సెవ్ద వెలిక మొగుడికి పినతండ్రి కూతురు. జట్టులో రెండో గొంతు, నోటికి మాత్రం ఎప్పుడూ మొదటి స్థానమే. "బస్సులో కిటికీ పక్కన కూచుందంటావా?"

"నోరు మూసుకుని వినవే."

"వినపడితే కదా వినడం!"

కుడిపక్కన మానోల్ కదిలాడు. డెబ్భై అయిదు దాటాక వెలిక మొగుడి చెవులు ఒక్కొక్కటే సెలవు పెట్టాయి. తనకి వినపడదు గనక లోకానికీ వినపడదనుకుని మాట్లాడతాడు. "ఏమంటోందే?" అన్నాడు, వెనక వరసలో ఎవరో నవ్వారు.

"పాడుతోంది."

"పాడుతోందని కనపడుతోందిలే. ఏమంటోందీ అంట?"

ఏమంటోంది. వాళ్ళమ్మ స్పెయిన్ దేశంలో స్ట్రాబెర్రీ తోటల్లో వంగి వంగి పళ్ళు కోస్తోందట. మధ్యాహ్నం కూతురికి ఫోన్ చేసి ఏం తిన్నావని అడుగుతుందట. వెనకాల మేస్త్రీ అరుపులు వినపడితే, ఏంటమ్మా అది అని పిల్ల అడిగితే, రేడియోలే అంటుందట. అంతే పాట. ఇందులో కోయిల లేదు, ఊటబావి దగ్గర తెల్ల మెడ పిల్ల లేదు, గుర్రమెక్కి అడవి పట్టిన వీరుడు లేడు. ఇదీ ఒక పాటేనా అని పెదవి విరవబోయింది వెలిక, కానీ ఆ రేడియో అన్న మాట చేపముల్లులా గొంతులో పడి కదలదు. ఎందుకంటే తల్లి అబద్ధం చెప్పిందని పాటలో ఎక్కడా లేదు. పిల్ల ఆ మాట దగ్గర ఒక్క క్షణం గిటారు ఆపింది, అంతే. ఆ ఆగినంతసేపట్లో మేస్త్రీ, ఎండ, వంగిన నడుము, పళ్ళరసంతో ఎర్రబడిన గోళ్ళు, ఒక్కటీ పోకుండా హాల్లోకి వచ్చి కూచున్నాయి. ఎలా చేసింది? వెలిక జట్టు పాడితే ప్రతి పాదం చివరా ఈహూ అని ఒక కేక పడాలి, పడితేనే పాట ముగిసినట్టు. ఈమె పాదం చివర్ని నిద్రపోయిన బిడ్డని మంచం మీద దించినట్టు దించి, చెయ్యి మెల్లిగా లాక్కుంటోంది. గొంతు విప్పకపోవడం రాకపోవడం కాదన్నమాట. విప్పితే ఈ పాట చెదిరిపోతుంది.

చప్పట్లు సద్దుమణిగాక పిల్ల తీగ బిగించుకుంటూ, "ఇది నేను కట్టిన పాటే. మా అమ్మకి ఇంకా వినిపించలేదు. తిడుతుందని భయం," అంది, అందరూ నవ్వారు. వెలిక నవ్వలేదు. ఈ రొట్టె నేను కాల్చిందే అన్నంత తేలిగ్గా అనేసింది. నేను కట్టిన పాటే. సిగ్గు లేదు, గర్వమూ లేదు. ఆ మాట అనడానికి వెలికకి ఒకప్పుడు నోరు రాలేదు.

అప్పటికి ఆమెకి ముప్పై ఒకటి. పట్నం నుంచి ఒక పెద్దమనిషి దూడంత బరువున్న టేపు యంత్రం గాడిద మీద వేయించుకుని ఊరికి వచ్చాడు. ఇంటింటికీ తిరిగి పాటలు పాడించుకుని, పాట అయ్యాక అందర్నీ ఒకటే అడిగేవాడు, ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా అని. ఆ ప్రశ్నకి పనికొచ్చే జవాబు ఒకటే. నాయనమ్మ దగ్గర అంటే రాసుకుంటాడు. నాయనమ్మకి వాళ్ళ నాయనమ్మ చెప్పిందంటే కళ్ళద్దాలు తుడుచుకుని మరీ రాసుకుంటాడు. పొరుగింటి లాజర్ పెళ్ళాం పాపం, నేనే అల్లుకున్నానయ్యా అంది. మంచిదమ్మా అని మర్యాదగా నవ్వి యంత్రం కట్టేశాడు. అది వెలిక కళ్ళారా చూసింది. ఊళ్ళో కూడా అంతే, పాట కట్టే ఆడదంటే పనివేళ అద్దం ముందు నిలబడ్డ ఆడదాని కింద లెక్క. గోడవతల నుంచి వెలిక కూనిరాగం విన్న సెవ్ద, మా వదిన దగ్గర ఒకటుందండీ, ఎక్కడా విన్లేదు మేమెవరం, అని ఆ పెద్దమనిషిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. పాడింది వెలిక. ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా? మా నాయనమ్మ దగ్గరండీ. ఆ నాయనమ్మ, పుణ్యాత్మురాలు, మేకల్ని పిలిచినా శ్రుతి తప్పేది. ఆ తర్వాత అది పుస్తకంలోకి ఎక్కింది, జిల్లా పోటీలకి వెళ్ళింది, బహుమతి పట్టుకుని వచ్చింది. ఆ కాగితం ఇదిగో ఈ హాల్లోనే, అద్దాల చట్రంలో, పొయ్యిగొట్టం పక్కన వేలాడుతోంది: రెండు వందల ఏళ్ళనాటి ప్రాచీన గీతం. చూసినప్పుడల్లా వెలికకి తన వయసు రెండు వందలైనట్టు మోకాళ్ళు నొప్పి పుడతాయి.

ఆ పాటలో పొగాకు ఉంది, మంచూ ఉంది. ఆకు కోసేది నడి వేసంగిలో, జూలై, ఆగస్టుల్లో. ఆ రోజుల్లో ఈ కొండ మీద పిట్టరెట్ట తప్ప తెల్లనిదేదీ పడదు. పుస్తకం రాసినవాళ్ళు దాన్ని పట్టుకుని మంచంటే మృత్యువనీ, తెలుపంటే ఇహపరాల నడుమ పొర అనీ ఒకటిన్నర పేజీ వివరించారు. చదివింది ఊరు. అచ్చులో ఉంది కదా, అంతే అయ్యుంటుందని ఊరుకుంది. పొగాకులో పుట్టి పొగాకులో పెరిగిన మూడొందల గడప, వేసంగిలో మంచేమిటర్రా అని ఒక్కరూ అడగలేదు. అడుగుతారేమోనని మొదట్లో నిద్రపట్టేది కాదు వెలికకి. అడగరేమని తర్వాత్తర్వాత పట్టేది కాదు.

మంచు ఎక్కడిది. మంచు నోట్లోంచి వచ్చింది. పాట కట్టింది టేపు యంత్రానికి తొమ్మిదేళ్ళ ముందు, పొగాకు కొట్టంలో, ఒంటరిగా, దబ్బనం చేతిలో ఉండగా. ఇరవై రెండేళ్ళు. ఆకు పసరుతో వేళ్ళు నల్లగా, ఒకదానికొకటి అంటుకుపోయి, ఆ చేతులతో కన్ను తుడుచుకుంటే మంట. కొండకవతలి ఊళ్ళో అమ్మ పోయింది. బుధవారం తెల్లారుజామున పోతే గురువారం మధ్యాహ్నం మట్టి చేశారు. వెలికకి చెప్పింది శనివారం సాయంత్రం, గుచ్చిన ఆకు చివరి దండ పందిరికి ఎక్కించాక. చెప్పింది అత్త దెస్పా. గిన్నెలో వేణ్ణీళ్ళు తెచ్చి ముందు పెట్టి, చేతులు కడుక్కో, అని, కడుక్కున్నాక చెప్పింది. కలప లారీవాడు గురువారం సాయంత్రమే కబురు తెచ్చాడమ్మా, అప్పటికే అంతా అయిపోయింది, నువ్వు వెళ్ళి చేసేదేముంది, కోసిన ఆకు కుప్పలో వేడెక్కి మాడిపోతుందని ఆగాను, అంది. అత్త రాయి కాదు. తన రెండేళ్ళ కొడుకుని మట్టిలో పెట్టి వచ్చిన మర్నాడు ఆకు కోసిన మనిషి, లోకమంతా అలాగే ఉంటుందనుకుంది. గురువారం సాయంత్రం. ఆ మాటని వెలిక యాభై ఏళ్ళుగా కొంగున ముడేసుకుని తిరుగుతోంది. అప్పటికే మట్టి పడింది, పరుగెత్తినా అందేది కాదు. రెండు రోజులు దాచారు, దాచారు కానీ, అమ్మ ముఖం మాత్రం ఎలాగూ దక్కేది కాదు. ఇంత చిన్న ఊరట మీద ఇంత పెద్ద కాపురం నిలబడింది.

రెండు నాళ్ళు కబురు దాచె ఇల్లు. ఇదీ ఆమె కట్టిన పాదం. అత్త అనలేదు, ఇల్లు అంది, ఇంట్లో మానోల్ కూడా ఉన్నాడు గనక. ఆ రెండు రోజులూ అతను ఎదురుగా కూచుని పులుసు జుర్రుకున్నాడు, తల ఎత్తలేదు, ఆకు బాగా ఎండుతోంది అన్నాడు. టేపు యంత్రం వచ్చిననాడు పెరట్లో కట్టెల మోపు మీద అత్త కూచుని ఉంది, ఉతికిన తెల్ల గుడ్డ తలకి చుట్టుకుని, మా కోడలు పాడుతుందని చిన్నపిల్లలా మురిసిపోతూ. వెలిక ఆమె ముఖం చూస్తూ పాట ఎత్తుకుంది. ఆ పాదం వచ్చేసరికి నాలుక దానంతటది తిరిగిపోయింది: రెండు నాళ్ళు దారి మూసె మంచు. భయమా? కాస్త భయం. కాస్త జాలి. ఎక్కువ జాలే అనుకుంటుంది ఇప్పుడు, చివరి రెండేళ్ళూ ఆ అత్తకి చెంచాతో అన్నం పెట్టింది తనే గనక. అత్త పోయి ఇరవై మూడేళ్ళు. మంచు మాత్రం కరగలేదు. జట్టంతా అదే నేర్చింది, బడిపిల్లలకి అదే నేర్పింది, పాడిన ప్రతిసారీ వెలిక తన తల్లి చావుని వాతావరణం మీదికి తోసేసి చప్పట్లు తీసుకుంది. మానోల్ ఆ పాట వేళకి ఎప్పుడూ లేచి బయటికి పోయేవాడు, చుట్ట కాల్చుకోవడానికి. పెళ్ళాం వేదికెక్కితే మగాడికి చిన్నతనం కాబోలు అనుకునేది.

ఇటు చూస్తే పిల్ల అయిదో పాటలో ఉంది. బూటు మడమతో చెక్క మీద తాళం వేస్తోంది, గుండె కొట్టుకున్నంత మెత్తగా. సోఫియా బస్సులో ముక్కూ ముఖమూ తెలియని ముసలాయన ఆమె భుజం మీద నిద్రపోయాడట, దిగాల్సిన చోటు వచ్చినా లేపబుద్ధి కాక నాలుగు ఊళ్ళు దాటిపోయిందట. సెవ్ద కూడా ఊరుకుంది. ఊరుకోవడమే కాదు, కళ్ళు తుడుచుకుంటోంది. "పొయ్యి పొగ వదినా," అంది. పొయ్యి పొగ లేదు. వెలిక ఇప్పుడు తప్పులు వెతకడం లేదు. పిల్ల తన దగ్గరున్నదే పాడుతోంది. చూసింది, విన్నది, భుజం మీద మోసింది, అంతకుమించి ఒక్క మాట అరువు తెచ్చుకోలేదు. అందుకే ఆ గొంతు ఎక్కడా జారదు. అలా పాడటానికి ఎంత నిబ్బరం ఉండాలో వెలికకి తెలుసు. తన దగ్గర అది కొట్టంలో ఉన్నంతసేపే ఉండేది.

"ఆఖరుది మీ ఊరి పాట," అంది పిల్ల. హాలు సర్దుక్కూచుంది. "పాత టేపులో విన్నాను. దాని మీద ఊరి పేరు తప్ప పాడినావిడ పేరు లేదు. పదేళ్ళుగా నాతోనే తిరుగుతోంది. నేను పాటలు కట్టడం మొదలెట్టింది ఇది విన్నాకే." గిటారు మీద అరచెయ్యి ఆనించింది. "మా నాయనమ్మది కూడా పొగాకు ఇల్లే. ఒకసారి ఆవిడకి పాడి వినిపిస్తే, ఆకు కోతల్లో మంచేంటే పిచ్చిదానా, ఆ మంచు వెనకాల ఎవరో ఉన్నారు, అంది. అప్పట్నించీ ఆ పాదం పాడబోతే నోరు రావట్లేదు. అక్కడ ఊరుకుంటాను, గిటారు ఒక్కటే మోగుతుంది. మీకెవరికన్నా తెలిస్తే చెప్పండి. తెలీకపోయినా ఏం పర్లేదు."

"వదినా!" సెవ్ద మోచేత్తో పొడిచింది. "నీ గొంతేగా అది! లేచి చెప్పు, మా నాయనమ్మ పాటే అని!"

"ఊరుకోవే, నీకు దణ్ణం పెడతాను."

"ఏమంటోందే?" అన్నాడు మానోల్.

వెలిక అతని చెవికి నోరు ఆనించి, "మన పాట పాడుతుందట," అంది. మన అని ఎందుకంది? మానోల్ చెయ్యి కుర్చీ కిందికి, చేతికర్ర కోసం వెళ్ళింది. తలుపు వరస చివర, ముగ్గురి మోకాళ్ళు దాటాలి. కర్ర అందేలోపు పాట మొదలైపోయింది.

పొద్దు పొడవక ముందె ఆకు కోస్తిని, పసరు చేతుల దండ గుచ్చితిని. ఎంత కిందికి దింపేసింది పాటని! జట్టు దీన్ని కొండ మీదికి విసిరేది. ఈమె కొట్టంలోకి, చాప మీదికి, దబ్బనం పక్కకి తెచ్చి కూచోబెట్టింది, సరిగ్గా అది పుట్టినచోటికి. ఈమెకెలా తెలుసు అక్కడ చీకటిగా ఉండేదని, గట్టిగా పాడితే అత్తకి వినపడుతుందని పెదాలు కదపకుండా కట్టుకున్నానని? కొండకవతల మా అమ్మ కన్ను మూసె. ఇక గొంతు ఆగింది. గిటారు ఒక్కటే ఆ పాదం పొడవునా నడిచింది, ఖాళీ ఇంట్లో మనిషి నడిచినట్టు. హాల్లో నలుగురైదుగురు అలవాటు కొద్దీ మంచు అని గొణిగారు. చెబితే ఏమవుతుంది? గోడ మీది కాగితం అబద్ధమవుతుంది. ఊరు అబద్ధమవుతుంది. నాయనమ్మ దగ్గర నేర్చుకున్నానన్న మాట నమ్మి నలభై ఏళ్ళు పాడిన జట్టుకి తల కొట్టేసినట్టవుతుంది. చచ్చిన అత్తని సమాధి మీద నిలబెట్టి అడిగినట్టవుతుంది. పక్కనున్న మనిషి, పొద్దున్నే తనకంటే ముందు లేచి పొయ్యి రాజేసే మనిషి, పటాట్నిక్ అట్టు కోసం బంగాళాదుంపలు తురిమి పెట్టే మనిషి, ఊరందరి ముందూ మళ్ళీ ఆ ఇంట్లో కూచుని పులుసు జుర్రుకోవాల్సి వస్తుంది. చెప్పకపోతే? ఏమీ కాదు. పిల్ల ఊరుకున్న చోట ఊరుకుంటుంది, బస్సెక్కి వెళ్ళిపోతుంది, ఇంకో పదేళ్ళు ఆ ఖాళీని ఊళ్ళు తిప్పుతుంది.

రెండో చరణం. మళ్ళీ ఖాళీ. ఈసారి ఎవరూ మంచు అనలేదు. అందరూ విన్నారు. వందమంది కలిసి ఏమీ లేనిదాన్ని వినడం వెలిక తన డెబ్భై రెండేళ్ళలో ఎరగదు. పదేళ్ళుగా ఈ పిల్ల తన నోటికి అబద్ధమని తోచిన మాటని పాడకుండా, వేరే మాట కల్పించకుండా, ఆ చోటు శుభ్రంగా ఊడ్చి ఉంచింది. ఎవరో వస్తారని. అమ్మా, అనుకుంది వెలిక, ఎవరిని పిలిచిందో ఆమెకే తెలియలేదు.

మూడో చరణం. కొండకవతల మా అమ్మ కన్ను మూసె. గిటారు ఆ గడప దాటుతుండగా వెలిక కూచున్నచోటే పాడేసింది. రెండు నాళ్ళు కబురు దాచె ఇల్లు. పాతపద్ధతిలో, నొసటికి తగిలించి, వేదిక మీది పిల్ల ఉలిక్కిపడేలా. ముందు వరసల్లో తలలు ఒక్కొక్కటే వెనక్కి తిరిగాయి. పొయ్యిలో కట్టె ఒకటి విరిగి పడింది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది, యాభై ఏళ్ళ నాటిదీ, ఈ క్షణానిదీ. ఇక అడుగుతారు, అనుకుంది, అడగనీ, నేను కట్టిన పాటే అంటాను.

"రెండు కాదే," అన్నాడు మానోల్.

హాలంతా వినపడింది. అతనికి మెల్లిగా మాట్లాడటం చేతకాదు. కర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని దాని పిడి వైపు చూస్తూ అన్నాడు. "మూడు. లారీ బుధవారమే వచ్చింది. సాయంత్రం. నా చేతికే ఇచ్చాడు కబురు. గురువారమని నీకు చెబుదామంది మా అమ్మ."

బుధవారం సాయంత్రం. వెలిక తల ఆగిపోయి కాళ్ళు లెక్కపెట్టుకున్నాయి. ఊటబావి దగ్గర్నించి ఎక్కుడు, పైన పైన్ చెట్ల వరస, అవతల దిగుడు, వెన్నెల్లో అయిదు గంటలు, చీకటైతే ఏడు. పాకుతూ పోయినా గురువారం మధ్యాహ్నానికి అందేది. అమ్మ ముఖం అందేది. కొంగున ముడి ఊడిపోయింది, అందులో ఏమీ లేదు. కోపం వస్తుందనుకుంది. వస్తుంది, ఇంటికి వెళ్ళాక వస్తుంది, చాలా రోజులుంటుంది, పొయ్యి అతను రాజేసినా వెచ్చబడదు. కానీ ముందు అర్థమైంది మరొకటి. ఇన్నేళ్ళూ ఈ మనిషి బయటికి పోయింది చుట్ట కోసం కాదు. ఎవరికీ చెప్పుకోని ఒక రోజుని ఒక్కడే పట్టుకుని, పాట అయ్యేదాకా చలిలో నిలబడేవాడు. ఇవాళ తలుపు అంత దగ్గర్లో ఉంది. అతను లేవలేదు.

వేదిక మీద పిల్లకి వాళ్ళిద్దరూ ఎవరో తెలియదు. తెలిసినదానిలా, పాట అయిపోయిన చోట వేలు ఎత్తకుండా, వెనక్కి తిరిగి మళ్ళీ ఆ పాదం మొదటికి వచ్చింది. వాయించింది. ఎవరూ పాడలేదు. ఇంకోసారి తిరిగి వచ్చి, ఈసారి ఇంకాస్త నెమ్మదిగా, తొందర లేదన్నట్టు, మెట్టు మీద దీపం పట్టుకుని నిలబడ్డట్టు నిలబడింది. వెలిక కుడివైపు తిరిగింది. రెండు తీసి మూడు పెట్టి చూసుకుంది మనసులో. పాదం ఎక్కడా కుంటలేదు.

మూడు నాళ్ళు కబురు దాచె ఇల్లు, అని పాడింది, వేదికకి కాదు, ఊరికి కాదు, అతనికి వినపడేంత గట్టిగా.